మా అమ్మమ్మ చేతి మీది పచ్చ, మన సీసాలోని నలుపు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం, నగరంలో పదిహేనేళ్లుగా టాటూలు వేస్తున్న ఒక కళాకారిణి మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆమె మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే. మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. ఒంటి మీద ఎక్కడైనా పచ్చబొట్టు ఉన్నవాళ్లు చేతులెత్తండి. టాటూ అన్నా పచ్చబొట్టు అన్నా ఒకటే, మొహమాటపడకండి, ఎత్తండి. చూశారా, సగం హాలు ఉంది. అమ్మా, ముందు వరసలో మీరూ ఎత్తారు. మోచేతి కింద తేలు బొమ్మ కదూ? చాలా బాగుంది. కాసేపట్లో మీ దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఎత్తిన చేతులు దించకండి. మీ ఒంట్లోకి వెళ్లిన ఇంకు ఏ కంపెనీదో, ఏ బ్యాచ్‌దో, ఆ సీసా మూత ఎప్పుడు తీశారో తెలిసినవాళ్లు మాత్రమే ఉంచండి. మిగతావాళ్లు దించేయండి. ఇద్దరు. ఆ ఇద్దరూ మా పని చేసేవాళ్లే, నాకు తెలుసు.

జ్వరం మాత్ర కొంటే వెనక్కి తిప్పి తేదీ చూస్తాం. పాల ప్యాకెట్ కొంటే తేదీ చూస్తాం. బిర్యానీ వాసన కొంచెం తేడాగా ఉంటే తినం. మరి కట్టెల మీదికి పోయేదాకా మనతో ఉండేదాని గురించి ఎందుకు అడగం? నా దగ్గరికి వచ్చేవాళ్లు డిజైన్ గురించి గంట మాట్లాడతారు. నొప్పి ఎంత ఉంటుందని అడుగుతారు. రేటు తగ్గించమని అడుగుతారు. ఇంకు గురించి అడిగేవాళ్లు ఎప్పుడో ఒకరు. ఆ ఒక్కరు కూడా అడిగేది ఒకటే మాట: "అక్కా, ఏ బ్లాక్ వాడతారు? మంచిదేనా?"

ఒకప్పుడు నేను దానికి ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకునేదాన్ని. ఇవాళ మీకు ఏ కంపెనీ పేరూ చెప్పను. చెప్పలేక కాదు. పేరు చెప్పగానే మీరు మిగతా నాలుగు ప్రశ్నలు అడగడం మానేస్తారు. ఆ నాలుగు ప్రశ్నలు మీ నోటికి రావాలనే నేనివాళ వచ్చాను.

అమ్మా, ఇప్పుడు మీ చెయ్యి ఒకసారి అందరికీ చూపిస్తారా? చూడండి, ఆ తేలు ఏ రంగులో ఉంది? పచ్చగా, నీలంగా, ఆకు మీద నీడ పడినట్టు ఉంది కదా. మా అమ్మమ్మ చేతి మీద కూడా అచ్చం ఇదే రంగు. రెండు చుక్కలు గడ్డం మీద, ముంజేతి మీద తులసికోట. ఎరుకల ఆవిడ ఊళ్లోకి వచ్చి అరుగు మీద కూర్చుని పొడిచిందట. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి, అందులో గుంటగలగరాకు పసరు. సూదులు నాలుగైదు కలిపి దారంతో కట్టేవాళ్లు. మా అమ్మమ్మ అనేది, "నగలన్నీ ఒలుచుకుని ఇక్కడనే పెట్టుకుంటరు బిడ్డా, పచ్చబొట్టు ఒక్కటే నాతోని కట్టె దాకా వస్తది" అని.

నేను చిన్నప్పుడు అడిగాను, అమ్మమ్మా మసి నల్లగా ఉంటుంది కదా, మరి నీ చెయ్యి పచ్చగా ఎందుకుంది? పసరు వల్ల అంది. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. ఆకు పసరు కొన్నాళ్లకి పోతుంది, ఉండేది మసే. ఆ మసి ఈ రోజుకీ నల్లగానే ఉంది. అది చర్మం కింద ఉండటం వల్ల, మన కంటికి తిరిగొచ్చే వెలుతురులో నీలం, పచ్చ ఎక్కువగా ఉంటాయి. ముంజేతి మీద నరాలు చూసుకోండి, లోపల పారేది ఎర్రటి రక్తమే, కనిపించేది మాత్రం నీలంగా, పచ్చగా. అందుకే మనవాళ్లు దీనికి నల్లబొట్టు అని పేరు పెట్టలేదు, పచ్చబొట్టు అన్నారు. ఎంత చక్కగా చూసి పెట్టిన పేరో ఆలోచించండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ నా స్టూడియోలో సీసాలో ఉన్నదీ మా అమ్మమ్మ మూకుడు కింద పట్టినదీ మూలానికి ఒకటే. కార్బన్. మసి. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి శవం దొరికింది, ఊట్జీ అని పేరు పెట్టారు, ఐదు వేల ఏళ్ల పైమాట. అతని ఒంటి మీద 61 పచ్చబొట్లున్నాయి. అవి కూడా మసితో వేసినవే. అంటే నల్ల ఇంకులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ మసి ఎంత శుభ్రమైనది, దాన్ని దేనిలో కలిపారు, ఆ సీసాలో మసి కాక ఇంకేమేం బతుకుతున్నాయి, ఇవే మనం తేల్చుకోవాల్సినవి.

అసలు అది ఒంట్లో ఎలా నిలుస్తుందో ఒక్క నిమిషం. మన చర్మం పై పొర నెలా నెలన్నరకి రాలిపోయి కొత్తది వస్తుంది. ఇంకు అక్కడ పడితే నెలకే పోతుంది. అందుకని మేం దాని కింది పొరలో, పై నుంచి ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోతులో వేస్తాం. అక్కడ రక్తనాళాలుంటాయి. బయటి వస్తువు వచ్చిందని తెలియగానే ఒంట్లో కాపలా కణాలు వచ్చి ఆ రేణువుల్ని మింగేస్తాయి. మింగుతాయి కానీ అరిగించుకోలేవు. నోట్లో పెట్టుకుని అక్కడే కూర్చుంటాయి. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూశారు: ఆ కణం చచ్చిపోతే రేణువులు బయటపడతాయి, పక్కనే కొత్తగా వచ్చిన కణం వాటిని మళ్లీ మింగుతుంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి. మీ టాటూ అంటే అదే, మీ ఒంటి కాపలావాళ్లు జీవితాంతం మోస్తున్న బరువు.

అన్నీ అక్కడే ఉంటాయా అంటే, ఉండవు. కొన్ని జారి చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథుల్లోకి పోతాయి. 2017లో యూరప్ శాస్త్రవేత్తలు చనిపోయినవాళ్ల గ్రంథుల్ని పరీక్షిస్తే వాటిలో టాటూ రంగు రేణువులు కనబడ్డాయి. భయపడమని చెప్పడం లేదు. నా రెండు చేతులూ నిండా ఇంకే, చూస్తున్నారుగా. నల్ల టాటూ వల్ల క్యాన్సర్ వస్తుందని తేల్చి చెప్పిన రుజువేదీ ఇంతవరకూ లేదు. కానీ మనం లోపలికి పంపేది లోపలే తిరుగుతుంది. బయటికి కడిగేయలేం. కాబట్టి పంపే ముందే చూసుకోవాలి.

మసి అంటే ఒట్టి మసి కాదు

సరే, సీసా దగ్గరికి వద్దాం. నల్ల ఇంకులో రంగు ఇచ్చేది కార్బన్ బ్లాక్. లేబుల్ మీద సీఐ 77266 అని నంబరు ఉంటుంది, గుర్తుపెట్టుకోండి, రాసుకోండి. ప్రపంచంలో తయారయ్యే కార్బన్ బ్లాక్‌లో ఎక్కువ భాగం ఎక్కడికి పోతుందో తెలుసా? టైర్లలోకి. మీ బండి టైరు నల్లగా ఉండేది దానివల్లే. నూనెనో గ్యాసునో సరిగ్గా మండకుండా మండిస్తే వచ్చే మసి అది. టైరుకి వాడే మసికీ మనిషి చర్మంలోకి పంపే మసికీ శుభ్రతలో తేడా ఉండాలా వద్దా?

ఎందుకుండాలి? ఏదైనా సగం సగం మండితే నలుపుతో పాటు ఇంకొన్ని పదార్థాలు పుడతాయి. వాటిని పీఏహెచ్‌లు అంటారు. పొగలో ఉంటాయి, మాడిన మాంసంలో ఉంటాయి, తారులో ఉంటాయి. వాటిలో బెంజో పైరీన్ అనేది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వరసలో పెట్టింది. పొయ్యి దగ్గర చేతికంటిన మసి కడుక్కుంటే పోతుంది. చర్మం కిందికి పోయిన మసిని కడుక్కోగలమా?

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. యూరప్ దేశాలు 2022 జనవరి 4 నుంచి టాటూ ఇంకులకి గట్టి నియమాలు పెట్టాయి. బెంజో పైరీన్ ఎంత దాటకూడదూ అంటే, కిలో ఇంకుకి ఐదు మైక్రోగ్రాములు. అది ఊహకి అందదు. ఇలా చూడండి: పది టన్నుల లారీలు వంద వరసగా నిలబెట్టండి, ఇక్కణ్ణుంచి దాదాపు ఇందిరా పార్కు దాకా పోతుందేమో ఆ వరస. ఆ వంద లారీల నిండా ఇంకు. ఆ మొత్తంలో బెంజో పైరీన్ ఒక టీ చెంచాడు, అంతే, అంతకి మించకూడదు. అలా ఉంది ఆ నియమం. మిగతా పీఏహెచ్‌లకి కూడా హద్దులున్నాయి.

మరి బజార్లో ఉన్న ఇంకులు ఎలా ఉన్నాయి? 2010లో జర్మనీలో బజారులో దొరికే 19 నల్ల ఇంకులు తెచ్చి పరీక్ష చేశారు. గ్రాము ఇంకులో పీఏహెచ్‌లు ఒకదాంట్లో 0.14 మైక్రోగ్రాములు, ఇంకోదాంట్లో 201. రెండూ నలుపే. రెండూ సీసాలో ఒకలాగే ఉంటాయి. చర్మం మీద కూడా మొదటి రోజు ఒకలాగే ఉంటాయి. ఒకదానికీ ఇంకోదానికీ వెయ్యి రెట్ల పైన తేడా. కంటితో చూసి చెప్పగలరా ఎవరైనా? పదిహేనేళ్ల అనుభవం ఉన్నా నేను చెప్పలేను. ల్యాబ్ కాగితం ఒక్కటే చెప్పగలదు.

కార్బన్ బ్లాక్ కాక ఇంకో రెండు నలుపులు కనిపిస్తాయి. ఒకటి ఐరన్ ఆక్సైడ్, పర్మనెంట్ మేకప్ చేసేవాళ్లు, అంటే కనుబొమ్మలవీ వేసేవాళ్లు ఎక్కువ వాడతారు. ఇనుము కదా, ఎంఆర్ఐ తీసేటప్పుడు అరుదుగా వేడెక్కి మంటగా అనిపించవచ్చు, స్కానింగ్ చేసేవాళ్లకి ముందే చెప్పండి, చాలు. రెండోది ఎముకల బొగ్గు. శాకాహారులు, ఇంకా నమ్మకాల పట్టింపు ఉన్నవాళ్లు దీని గురించి అడగాలి. సీఐ 77267 అని ఉంటే అది ఎముకల బొగ్గు. అడిగితే తప్పు లేదు, మీ ఒళ్లు మీది.

ఇక్కడ ఒక మాట, పక్కకి వెళ్తున్నాను కానీ చెప్పకుండా ఉండలేను. తల్లులు చాలామంది వచ్చారు. జాతరలో, ఎగ్జిబిషన్‌లో పిల్లలకి గంటలో నల్లగా పండే మెహందీ అని పెడతారు. గోరింటాకు ఎప్పుడైనా నల్లగా పండుతుందా? మన ఇంట్లో రుబ్బి పెట్టుకున్న గోరింటాకు నారింజగా, ఎర్రగా పండుతుంది, రాత్రంతా ఉంచితే ముదురుతుంది. గంటలో నల్లగా అయిందంటే అందులో జుట్టు రంగులో వేసే పీపీడీ కలిసిందనుకోండి. దానికి కొందరి చర్మం కాలినట్టు పొక్కిపోతుంది. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు, రేపు తలకి రంగు వేసుకున్నా ముఖం వాచిపోతుంది. సూది లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకండి. పిల్లలకి వద్దు.

అలాగే కాలేజీ పిల్లలు. హాస్టల్ గదిలో సూదికి దారం చుట్టి, బొమ్మలు గీసే నల్ల సిరానో పెన్ను సిరానో పెట్టి పొడుచుకుంటారు. ఆ సిరా కాగితం కోసం తయారైంది. అందులో లక్క ఉండొచ్చు, బూజు పట్టకుండా వేసే మందులుండొచ్చు, ఏవి ఎంతున్నాయో సీసా మీద రాయరు, రాయాల్సిన అవసరం కూడా వాళ్లకి లేదు. వాళ్లు కాగితానికి చేశారు, మనం ఒంటికి వాడుకున్నాం. తప్పు వాళ్లది కాదు.

సీసా చదవడం

ఈ బల్ల మీద రెండు సీసాలు పెట్టాను. ఒకటి అసలుది, ఒకటి నకిలీ. ఆన్‌లైన్‌లో సగం ధరకి వస్తోందంటే చూద్దామని తెప్పించాను. ఏది ఏదో ఇప్పుడు చెప్పను.

సీసా చేతికి తీసుకుంటే నేను ఏం చూస్తానంటే. ముందు మూత చుట్టూ ఉన్న సీలు. తర్వాత లేబుల్ మీద ఈ ఇంకు టాటూ కోసమే తయారు చేశామని రాశారా లేదా. యూరప్‌లో అయితే 'మిక్స్‌చర్ ఫర్ యూజ్ ఇన్ టాటూస్ ఆర్ పర్మనెంట్ మేకప్' అన్న మాట ఉండి తీరాలి. తర్వాత అందులో ఏమేం కలిపారో పూర్తి జాబితా. రంగు నంబరు, నీళ్లు, గ్లిసరిన్, ఆల్కహాల్, అవన్నీ. 'సహజ పదార్థాలు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే నేను ఆ సీసా పక్కన పెట్టేస్తాను. పాము విషం కూడా సహజమే కదా. తర్వాత బ్యాచ్ నంబరు, తయారు చేసినవాళ్ల చిరునామా, మన దేశానికి తెప్పించినవాళ్ల చిరునామా, గడువు తేదీ. ఇవన్నీ ఉంటే అప్పుడు అమ్మినవాళ్లని ఒకటి అడుగుతాను: ఈ బ్యాచ్ పరీక్ష కాగితం ఇవ్వండి. కంపెనీ గొప్పతనం చెప్పే కాగితం కాదు, ఈ బ్యాచ్‌ది. సీసా మీది నంబరూ కాగితం మీది నంబరూ కలవాలి. అందులో పీఏహెచ్‌లు, సీసం, నికెల్, ఆర్సెనిక్ ఎంతెంతో ఉండాలి.

తమ్ముళ్లూ, మా పని చేసేవాళ్లు చాలామంది వచ్చారు, మీకు చెబుతున్నాను. అడిగితే డీలరు విసుక్కుంటాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్" అంటాడు. నాకూ అన్నారు. మూడోసారి అడిగాక పంపారు. పదిమంది అడిగితే అడగకుండానే పంపుతారు.

లేబుల్ మీద ఉందంతా నిజమేనా అంటే, కాదు. 2024లో అమెరికాలో 54 ఇంకులు పరీక్ష చేస్తే 45 ఇంకుల్లో లేబుల్ మీద రాసిందొకటి, లోపల ఉన్నదొకటి. రాయనివి కలిశాయి. అక్కడే అలా ఉంటే, మన దగ్గర ఎవరు చూస్తున్నారు? 2025లో కర్ణాటక ప్రభుత్వం టాటూ ఇంకులకి నియమాలు పెట్టమని కేంద్రాన్ని కోరింది. కోరాల్సి వచ్చిందంటే పరిస్థితి ఏమిటో మీరే అర్థం చేసుకోండి.

ఇంకో మోసం చెబుతాను. 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని సీసా మీద పెద్దక్షరాలతో ఉంటుంది. కొందరు స్టూడియో గోడ మీద కూడా రాసుకుంటారు. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో తిండి, మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ. అది చర్మంలోకి గుచ్చడానికి ఏ ఒక్క రంగుకీ ఇంతవరకూ ఆమోదం ఇవ్వలేదు. ఒక్కదానికి కూడా. శుభ్రం చేసిన ఒక రకం కార్బన్ బ్లాక్‌ని 2004లో కాటుకలకి, మస్కారాలకి ఒప్పుకున్నారు, అది పైన రాసుకోవడానికి. కాబట్టి ఆ మాట కనిపిస్తే భరోసా అనుకోకండి, అబద్ధం ఆడేవాళ్ల సరుకని అర్థం చేసుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టం. ఇది నా చేతుల్తో జరిగింది.

ఎనిమిదేళ్ల కిందట ఒక ఇంజనీరింగ్ అమ్మాయి వచ్చింది. భుజం మీద నెమలీక వేయమంది. గీతలన్నీ గట్టి నలుపుతో, లోపల మెత్తగా బూడిద రంగు షేడింగ్. బూడిద రంగు కావాలంటే నల్ల ఇంకులో నీళ్లు కలుపుతాం, దాన్నే గ్రే వాష్ అంటాం. ఆ రోజు నా దగ్గర స్టెరైల్ వాటర్, అంటే సూక్ష్మజీవులేవీ లేకుండా చేసిన నీళ్లు, అయిపోయాయి. పక్కనే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఉంది. అందరం తాగే నీళ్లే కదా, ఫిల్టర్ నీళ్లే కదా అనుకున్నాను. చిన్న కప్పులో నాలుగు చుక్కలు కలిపాను. నాలుగు చుక్కలు.

వారం బాగుంది. పొట్టు రాలింది. ఫొటో కూడా పంపింది, ఎంతో సంతోషంగా. మూడో వారం ఫోన్ చేసింది, "అక్కా, ఈక మీద గింజలు లేస్తున్నయ్, దురదగా ఉంది" అని. రమ్మన్నాను. చూశాను. ఎర్రటి పొక్కులు, జొన్నగింజంతంత. నేను దగ్గరికి వంగి లైటు పెట్టి చూశాను. ఈక మధ్య కాడ గట్టి నలుపుతో వేశాను, దాని మీద ఒక్కటి లేదు. అంచు గీతల మీద ఒక్కటి లేదు. బూడిద రంగు ఎక్కడెక్కడ ఉందో అక్కడక్కడే, నేను ఎంతవరకు షేడింగ్ చేశానో అంతవరకే ఉన్నాయి. నా చెయ్యి ఎక్కడ తిరిగిందో అక్కడ మొలిచాయి. అప్పుడు నాకు ఆ క్యాన్ గుర్తొచ్చింది. కాళ్లలో శక్తి పోయింది.

చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నీళ్లు కలిపిన సంగతి దాచకుండా చెప్పాను. ఆ చెప్పడం వల్లే ఆయన ఏ పరీక్ష చేయాలో వెంటనే రాశారు. చిన్న ముక్క తీసి పంపారు. క్షయ సూక్ష్మజీవికి దూరపు చుట్టమైన సూక్ష్మజీవి అది, నీళ్లలో, మట్టిలో ఉంటుంది. క్లోరిన్‌కి కూడా అంత తేలిగ్గా చావదు. తాగితే మనకేం కాదు, కడుపు చూసుకుంటుంది. సూదితో చర్మం కింద పెడితే అక్కడ ఇల్లు కట్టుకుంటుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగదు. ఆ అమ్మాయి నెలల తరబడి మాత్రలు మింగింది. పరీక్షలు రాస్తూ, కడుపులో తిప్పుతున్నా మింగింది. ఖర్చంతా నేను పెట్టుకున్నాను. పెట్టుకుంటే ఏమైంది? ఆ ఈక మీద ఇప్పటికీ చిన్న చిన్న గుంటలున్నాయి.

ఆ ఇంకు సీసా మంచిదే. కాగితాలున్న సీసాయే. నలుపుది తప్పు కాదు, నీళ్లది తప్పు. నీళ్లు కలిపిన చేతిది తప్పు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కదాని కథ కాదని. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో ఒక కళాకారుడి దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి ఇలాగే పొక్కులొచ్చాయి. 2012లో ఆ వివరాలు బయటికొచ్చాయి. అక్కడ కూడా బూడిద రంగే. కానీ అతను నీళ్లు కలపలేదు, కంపెనీయే కలిపి సీలు వేసి పంపిన గ్రే ఇంకు అది. మూత తీయని సీసాలో కూడా అదే సూక్ష్మజీవి దొరికింది. డిస్టిల్డ్ వాటర్ కలిపితే చాలదా అని అడుగుతారు కొందరు. డిస్టిల్డ్ వాటర్ అంటే ఉప్పులు తీసేసిన నీళ్లు, అంతే. సూక్ష్మజీవులు లేని నీళ్లని అర్థం కాదు. బ్యాటరీలో పోసే నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటరే కదా.

2024లో అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లే సీలు తీయని 75 ఇంకు సీసాలు పరీక్షించారు. 26 సీసాల్లో సూక్ష్మజీవులున్నాయి. వాటిలో కొన్నిటి మీద 'స్టెరైల్' అని రాసే ఉంది. అందుకే స్టెరైల్ అని ఉంటే ఎలా చేశారని కూడా అడగండి. గామా కిరణాలతో చేశామని, ఫలానా బ్యాచ్‌కి చేశామని రాసిచ్చేవాళ్లున్నారు. నేను వాళ్ల దగ్గరే కొంటాను.

గ్రే వాష్‌కి ఏం వాడాలి? మందుల షాపులో ఇంజక్షన్‌లో కలిపే స్టెరైల్ వాటర్ చిన్న చిన్న యాంప్యూల్స్‌లో, అంటే మూతి విరిచి వాడే బుల్లి సీసాల్లో, దొరుకుతుంది. కోఠీలో దొరుకుతుంది, మీ వీధి చివర దొరుకుతుంది. కొన్ని రూపాయలు. ఒక మనిషికి ఒకటి విరవాలి, మిగిలింది పారేయాలి. రేపటికి దాచకూడదు. నా స్టూడియోలో ఆ నీళ్ల క్యాన్ ఇప్పుడు పని గదిలో ఉండదు. బయట, చెప్పులు విడిచే చోట ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు ఎందుకని అడుగుతారు, అడిగిన ప్రతివాళ్లకీ నెమలీక కథ చెబుతాను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను, టైము అవుతోంది. సీసా మూత తీసిన రోజు దాని మీద తేదీ రాయాలి. నేను తెల్ల టేపు అంటించి మార్కరుతో రాస్తాను. కంపెనీ చెప్పిన నెలలు దాటితే సగం ఉన్నా పారేస్తాను. పెద్ద సీసా చవక అని కొనకండి, చిన్న సీసా తొందరగా అయిపోతుంది, అదే మంచిది. ఇంకు ఎప్పుడూ మీ ముందు చిన్న కప్పులో పోయాలి, మిగిలింది తిరిగి సీసాలో పోయకూడదు. పోస్తున్నారంటే లేచి వచ్చేయండి, సగం బొమ్మ మీద ఉన్నా సరే. మే నెలలో మన ఎండ సంగతి తెలుసు కదా, కిటికీ పక్క అద్దాల బీరువాలో అందంగా వరసగా పేర్చిన ఇంకు సీసాలు చూడటానికి బాగుంటాయి, ఇంకుకి మంచిది కాదు.

ఖర్చు గురించి ఎవరో చీటీ పంపారు. "మంచి ఇంకు వాడితే టాటూ రేటు పెరుగుతుంది కదా?" మంచి ప్రశ్న. అరచేతిలో పట్టేంత టాటూకి మహా అయితే ఒకటి, రెండు మిల్లీలీటర్ల ఇంకు పడుతుంది. మంచి ఇంకుకీ చవక ఇంకుకీ ఆ రెండు మిల్లీలీటర్లలో తేడా ఒక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అంత. నిజంగా అంతే. రేటు పెరిగేది మా టైముకి, మా పనితనానికి. ఇంకు మంచిది కాబట్టి ఎక్కువ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో చీటీ. "వేయించుకున్నాక పొక్కులొస్తే ఏం చేయాలి?" మొదటి నాలుగు రోజులు ఎర్రగా, కొంచెం వాపుగా ఉండటం మామూలే. ఆ తర్వాత తగ్గాల్సింది పెరుగుతుంటే, లేదా బాగా మానిపోయాక రెండు మూడు వారాలకి గింజల్లా లేస్తుంటే, పసుపు రాయొద్దు, మెడికల్ షాపులో ట్యూబు కొని రాయొద్దు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉస్మానియాలో, గాంధీలో చర్మ విభాగాలున్నాయి, డబ్బుల్లేవని ఆగొద్దు. వెళ్లి టాటూ వేయించుకున్నానని, ఎప్పుడు వేయించుకున్నానో చెప్పండి. ఇంట్లో తెలియకుండా వేయించుకున్న పిల్లలు డాక్టరు దగ్గర కూడా దాస్తారు, దాచకండి. బ్యాచ్ నంబరు ఫొటో ఉంటే చూపించండి. అందుకే చెబుతున్నాను, కుర్చీలో కూర్చునే ముందు సీసా చేతికి ఇవ్వమని అడిగి, లేబుల్ నాలుగు వైపులా ఫొటో తీసుకోండి. ఒక నిమిషం పని. నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఆ ఫొటో నేనే పంపుతాను, బిల్లుతో పాటు.

మూడో వరసలో తమ్ముడు చెయ్యెత్తాడు. చెప్పు నాన్నా. వచ్చే వారం వేయించుకుంటున్నావా? అమ్మ పేరా? మంచిది. ఎక్కడన్నది నాకొద్దు, చెప్పకు. వెళ్లి ఈ నాలుగూ అడుగు: అన్నా, ఈ సీసా ఏ బ్యాచ్? దాని కాగితం ఉందా? మూత ఎప్పుడు తీశారు? ఇందులో ఏ నీళ్లు కలుపుతారు? కోపం తెచ్చుకోకుండా జవాబిచ్చేవాళ్ల దగ్గర వేయించుకో. నాలుగో ప్రశ్నకి కాస్త ఆగి, మొహం పక్కకి తిప్పితే మటుకు ఆ రోజుకి ఇంటికి వచ్చేయ్. అమ్మ పేరు ఒక వారం ఆగితే ఏమీ కాదు.

నాది అయిపోయింది. ఇప్పుడు మీరు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఈ రెండు సీసాలూ చేత్తో పట్టుకుని చూడండి. గ్లవ్స్ ఆ డబ్బాలో ఉన్నాయి. సీలు చూడండి, బ్యాచ్ నంబరు చూడండి, అక్షరాలు గోటితో గీకి చూడండి. ఏది నకిలీదో నాకు మీరే చెప్పాలి. అమ్మా, తేలు అమ్మా, ముందు మీరు రండి. కళ్లజోడు తెచ్చుకున్నారా? తమ్ముడూ, ఆ ట్యూబులైటు కూడా వేసేయ్.